మంగతాయారు కొత్త వంటగది

తణుకులో మంగతాయారు అనే ఒక ఇల్లాలు ఉండేది; ఆవిడ వంటకు వంక పెట్టగలవాళ్లు ఆ వీధిలోనే లేరు గానీ, తనకేం కావాలో నోరు తెరిచి చెప్పడం మాత్రం ఆవిడకు బొత్తిగా చేతకాదు.

చీరల కొట్లో "ఏ రంగు తీయమంటారమ్మా?" అని అడిగితే "ఏదైనా ఒకటేనయ్యా" అనేది. ఇంటికి తెచ్చుకున్నాక ఆ చీర నచ్చక, మడత విప్పకుండా బీరువాలో అడుగున పెట్టేసేది. భోజనాల దగ్గర అందరికీ వడ్డించి, మిగిలిందే తనకిష్టమనేది. "తాయారంత మంచిది ఎక్కడుంటుంది? దేనికీ అడ్డు చెప్పదు" అని చుట్టాలు మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఆవిడకు తియ్యగానే ఉండేది. కానీ తనకు నచ్చనిది జరిగినప్పుడల్లా లోపల ఒక మూల చివుక్కుమనేది. "నేను చెప్పాలా? నా మీద ప్రేమ ఉంటే వాళ్లకే తెలియదూ?" అనుకుని ఊరుకునేది.

ఆవిడ భర్త వెంకటరత్నం నెమ్మదైన మనిషి. కొడుకు ప్రదీప్ ఈమధ్యే పెళ్లి చేసుకున్నాడు. కోడలు హిమజ జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేది. పొడుగ్గా, చురుగ్గా ఉండే పిల్ల. తల్లి చిన్నప్పుడే పోవడంతో, అత్తగారిని చూస్తే ఆ పిల్లకు ప్రాణం లేచొచ్చేది. కాలేజీ నుంచి రాగానే చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకే వచ్చేది.

ఒక వానాకాలం ఆ వంటింటికి చెదలు పట్టింది. చెక్క అలమర తలుపు హిమజ చేతిలోకే ఊడి వచ్చింది. గట్టు రాయి కూడా ఎప్పటినుంచో పగిలి ఉంది.

"ఇక లాభం లేదు, వంటగది మొత్తం కొత్తగా చేయిద్దాం," అన్నాడు ప్రదీప్.

"అత్తయ్యకు నచ్చినట్టే చేయిద్దాం," అంది హిమజ. ఆ పిల్ల కళ్లు మెరిశాయి.

ఆ ఆదివారమే నలుగురూ భీమవరంలో ఒక పెద్ద షోరూముకు వెళ్లారు. అక్కడ వరసగా వంటగదులు పెళ్లికూతుళ్లలా ముస్తాబై నిలబడి ఉన్నాయి. మంగతాయారు కన్ను ఒక స్టీలు స్టవ్ మీద పడింది. బరువైన ఇత్తడి బర్నర్లు, ఎంత పెద్ద గిన్నె పెట్టినా కదలని కాళ్లు. ఆవిడ చెయ్యి దానంతటదే దాన్ని ఒకసారి తడిమింది.

"ఏ స్టవ్ తీసుకుందాం అత్తయ్యా?" అంది హిమజ.

ఇదే కావాలన్న మాట మంగతాయారు నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"నీకు నచ్చింది తీసుకో తల్లీ. నాదేముంది," అంది.

హిమజ గాజు పలక స్టవ్ ఎంచింది. తుడవడం తేలిక, అత్తయ్యకు శ్రమ తగ్గుతుందని ఆ పిల్ల ఆలోచన. అలమరలకు ఏ రంగు అన్నప్పుడూ అదే జవాబు వచ్చింది. దాంతో వెంకటరత్నం ముందుకు వచ్చి, లేత ఆకుపచ్చ బాగుంటుందన్నాడు. సొరుగులు ఎన్ని, చిమ్నీ ఎక్కడ, మిక్సీ ఎక్కడ, గ్రైండర్ ఎక్కడ అని అడిగిన ప్రతిసారీ మంగతాయారు చిరునవ్వు నవ్వింది. మిగతా ముగ్గురూ తలా ఒకటి నిర్ణయించారు.

తరువాత పని మొదలుపెట్టడానికి నూకరాజు అనే కార్పెంటరు టేపు పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"గట్టు ఎంత ఎత్తులో కట్టమంటారండీ? వంట ఎక్కువగా ఎవరు చేస్తారో వాళ్లొకసారి గోడ పక్కన నిలబడితే కొలత తీసుకుంటాను," అన్నాడు.

"అత్తయ్యే చేస్తారు. రండి అత్తయ్యా, నిలబడండి," అంది హిమజ.

మంగతాయారు పొట్టి మనిషి. గట్టు ఎత్తయితే తన భుజాలు ఏమవుతాయో ఆవిడకు తెలుసు. అయినా తన కోసం అందరూ ఆగి చూస్తుంటే సిగ్గేసింది.

"నాకెంతైనా సరిపోతుంది. హిమజ కొలతే తీసుకో బాబూ," అనేసి పెరట్లోకి వెళ్లిపోయింది.

నూకరాజు హిమజ కొలతే తీసుకున్నాడు.

వంటగది పూర్తయ్యింది. సొరుగు లాగితే చప్పుడు లేకుండా వచ్చి, చప్పుడు లేకుండా వెళ్లేది. చిమ్నీ పొగను గుటకేసేది. "బాగుందా అత్తయ్యా?" అని హిమజ ఆశగా అడిగింది.

"చాలా బాగుందమ్మా," అంది మంగతాయారు.

ఊరగాయ జాడీలు పై అరలో సర్దనా అని అడిగితే, "ఎక్కడైనా ఒకటే" అంది.

మరునాటి నుంచి కష్టాలు మొదలయ్యాయి. గట్టు ఆవిడ గుండెల దాకా వచ్చింది. పులుసు కలపాలంటే మునివేళ్ల మీద లేవాలి. సాయంత్రానికి భుజాలు పట్టేసేవి. పెద్ద గిన్నె పెడితే గాజు స్టవ్ ఎక్కడ పగులుతుందోనని భయమేసేది. కింది అరలోంచి గ్రైండర్ లాగాలంటే నడుము విరిగినంత పనయ్యేది. ఇంట్లో ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. కానీ తలుపులు కాస్త గట్టిగా మూసేది. గరిటెలు కాస్త గట్టిగా పెట్టేది. "తలనొప్పా అత్తయ్యా?" అని హిమజ అడిగితే "ఏం లేదు" అనేది.

కొన్నాళ్లకు పాత స్టవ్‌ను పెరటి వరండాలోకి చేర్చి, పీట మీద కూర్చుని అక్కడే వండటం మొదలుపెట్టింది. పక్కింటి భ్రమరాంబ గోడ మీంచి చూసి ఆశ్చర్యపోయింది.

"అదేంటి వదినా, కొత్త వంటగది పెట్టుకుని వరండాలో వంటేమిటి?"

మంగతాయారు మనసు ఎన్నాళ్లుగానో నిండి ఉంది. అది తప్పు చోట ఒలికిపోయింది.

"కొత్త వంటగది పిల్లల ముచ్చట భ్రమరా. నాకు అక్కడ చోటెక్కడిది?"

ఆ మాట వీధి చివరి దాకా వెళ్లి, కొంచెం ఒళ్లు చేసి, హిమజ చెవిన పడింది. కోడలు అత్తగారిని వంటింట్లోంచి వెళ్లగొట్టిందట! ఆ సాయంత్రం హిమజ చెప్పులు విప్పి వంటింట్లోకి రాలేదు. నేరుగా తన గదిలోకి వెళ్లింది. ఆ మరునాడూ అంతే. ఏదడిగినా "ఊఁ", "సరే" అని పొడిపొడిగా జవాబిచ్చేది. ఇల్లంతా ముసురు పట్టినట్టయింది. మంగతాయారుకు అన్నం సహించలేదు. కోడలు ఎందుకు దూరమైందో అడగాలనుకుంది. అదీ అడగలేకపోయింది.

ఒక ఉదయం ప్రదీప్‌కు మజ్జిగన్నంలోకి మాగాయ కావాల్సి వచ్చింది. జాడీ పై అరలో ఉంది. మంగతాయారు ఎవరినీ పిలవకుండా స్టూలెక్కింది. రెండు చేతులతో జాడీని లాగింది. నూనె చేతికంటి జాడీ జారింది. ఆవిడ కాలు కూడా జారింది.

"అత్తయ్యా!"

మంచినీళ్ల కోసం వచ్చిన హిమజ ఒక్క ఉదుటున వచ్చి ఆవిడ నడుము పట్టుకుంది. ఇద్దరూ నేల మీద కూలబడ్డారు. జాడీ వెళ్లి స్టవ్ మీద పడి, గాజు పలకతో పాటు ముక్కలయ్యింది. ఎర్రటి నూనె గట్టు మీంచి కారి ఇద్దరి చీరలనూ తడిపింది.

"నాకేం కాలేదు. నీ చెయ్యి చూడు! రక్తం!" అంది మంగతాయారు కంగారుగా. హిమజ అరచేతిలో జాడీ పెంకు గీసుకుపోయింది.

హిమజ చేతి వంక చూడలేదు. అత్తగారి వంకే చూసింది. ఇన్నాళ్లు ఆపుకున్న ఏడుపు కట్ట తెంచుకుంది.

"ఎన్నిసార్లు అడిగాను అత్తయ్యా! స్టవ్ అడిగాను, గట్టు అడిగాను, బాగుందా అని అడిగాను. నాతో బాగుందన్నారు. వీధిలో మాత్రం మీకు చోటు లేదన్నారు. మీకు నచ్చాలనే కదా నేను ఇదంతా చేయించింది! మా అమ్మ ఉంటే చేయించి ఇద్దును అనుకుని, మీకు చేయించాను."

మంగతాయారు తన కొంగుతో కోడలి చెయ్యి అదిమి పట్టుకుని కూర్చుంది.

ఈ ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఆవిడను ఎవరూ ఏదీ అడగలేదు. అడిగేవాళ్లు లేనిచోట ఆశ పెట్టుకుంటే ఏడుపే మిగులుతుందని, కోరికను గొంతులోనే మింగడం నేర్చుకుంది. అందరూ దాన్ని మంచితనమన్నారు, తానూ అదే అనుకుంది. ఇప్పుడు అడిగే మనిషి వచ్చింది. ఎంతో ప్రేమగా, మళ్లీ మళ్లీ అడిగింది. ఆ పిల్లకు తాను జవాబు ఇవ్వలేదు. పైగా నింద వేసింది.

"తప్పు నాదేనమ్మా," అంది మెల్లగా. "నువ్వడిగావు. నేనే చెప్పలేదు. చెప్పకుండానే నీకు తెలియాలనుకున్నాను. అలా ఎవరికి మాత్రం తెలుస్తుంది?"

"ఇప్పుడైనా చెప్పండి," అంది హిమజ, ముక్కు ఎగబీలుస్తూ.

మంగతాయారు ఊపిరి తీసుకుంది. మొదటి మాట కష్టంగా వచ్చింది.

"ఆ గట్టు నాకు ఎత్తమ్మా. భుజాలు పీకుతున్నాయి."

ఆ తర్వాత మాటలు ఆగలేదు. "జాడీలు కింద ఉండాలి. గ్రైండర్ నేను ఎత్తలేను, దానికి గట్టు మీదే చోటుండాలి. షోరూములో ఇత్తడి బర్నర్ల స్టవ్ ఉంది చూశావా, నాకు అదే కావాలనిపించింది. సొరుగులు మాత్రం బంగారంలా ఉన్నాయి. ఇక ఈ ఆకుపచ్చ రంగుందే, చూసినప్పుడల్లా ఆసుపత్రిలో వంట చేస్తున్నట్టుంటుంది!"

చప్పుడు విని వచ్చి గుమ్మంలో నిలబడ్డ వెంకటరత్నం ముఖం చిన్నబోయింది.

"ఆ రంగు నేను ఏరికోరి చెప్పిందే తాయారూ!"

"అందుకేగా ఇన్నాళ్లూ చెప్పలేదు!" అంది మంగతాయారు.

నూనెలో తడిసి, చెయ్యి కోసుకుని, కళ్లు ఎర్రబడిన హిమజ పకపకా నవ్వేసింది. మంగతాయారుకూ నవ్వాగలేదు. వెంకటరత్నం ముందు బిక్కమొహం వేసి, తర్వాత తనూ నవ్వి, దూది తేవడానికి వెళ్లాడు.

చేతికి కట్టు కట్టాక మంగతాయారు పెరట్లోకి వెళ్లి భ్రమరాంబను గోడ దగ్గరికి పిలిచింది.

"మా కోడలు నన్నెక్కడికీ నెట్టలేదు భ్రమరా. నా నోరే నన్ను వరండాలో కూర్చోబెట్టింది. మొన్న నేనన్న మాట ఎవరెవరికి చెప్పావో, ఈ మాట కూడా వాళ్లందరికీ చెప్పు," అంది.

ఆ వారంలోనే నూకరాజు మళ్లీ వచ్చాడు. కిటికీ వైపు సగం గట్టును మంగతాయారుకు సరిపడా దించవచ్చని, మిగతా సగం హిమజకు అలాగే ఉంటుందని చెప్పాడు. "కాకపోతే మధ్యలో మెట్టులా కనిపిస్తుందండీ," అన్నాడు.

"చూసేవాళ్లు ఏమనుకుంటారో!" అని నసిగాడు వెంకటరత్నం.

"వండేది మేమండీ, చూసేవాళ్లు కాదు. దించు నూకరాజూ," అంది మంగతాయారు, గోడ పక్కన నిటారుగా నిలబడుతూ.

ఇంట్లోవాళ్లంతా ఆవిడను కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

గట్టు దిగింది. ఇత్తడి బర్నర్ల స్టవ్ వచ్చింది. గ్రైండర్‌కు, జాడీలకు చేతికందే చోటు దొరికింది. రంగు మార్చడం కుదరలేదు. దాంతో ఆవిడ సర్దుకుపోయింది. అయితే సర్దుకుపోతున్నానని భర్తకు చెప్పి మరీ సర్దుకుపోయింది. ఇప్పుడు సాయంత్రాలు పక్క గట్టు మీద హిమజ పకోడీలకు ఉల్లిపాయలు తరుగుతుంటే, ఈ గట్టు మీద మంగతాయారు పిండి కలుపుతూ, "ముక్కలు లావయ్యాయి పిల్లా, సన్నగా తరుగు" అంటుంది. "నాకు లావుగా ఉంటేనే ఇష్టం అత్తయ్యా" అంటుంది హిమజ. కాసేపు వాదులాడుకుని, రెండు రకాలూ వేయిస్తారు.

నీతి: మనసులో మాట దాచుకోవడం మంచితనం కాదు, ప్రేమగా అడిగినవారికి ఉన్నమాట చెప్పడమే ఆ ప్రేమకు మనమిచ్చే గౌరవం.