ఉలవలు కొన్న చిట్టెన్న

ఒకానొక రాజ్యంలో, ఎక్కడో కొండల అవతల, విక్రమధ్వజుడని ఒక రాజు. మీసం మెలేయనిదే మాట మొదలుపెట్టేవాడు కాదు. కోటకు కావాల్సిన సరుకులన్నీ కొనే పని చిట్టెన్నది. కానీ సభలో అతనికి చోటు లేదు. లోపల అన్నీ తేలేదాకా గుమ్మం బయటే నిలబడాలి.

"కొనడానికి బుర్రెందుకోయ్, సంచి ఉంటే చాలు!" అనేవాడు రాజు. సభంతా నవ్వేది.

ఒకసారి పొరుగురాజు మీదికి యుద్ధానికి వెళ్దామని సభలో తేల్చారు. రాజు ఉత్సాహం పట్టలేక ఊరంతా దండోరా వేయించాడు. "మన గుర్రాలు యుద్ధానికి పోతున్నాయి! వాటికి ఉలవలు కావాలహో!"

అంతే. సాయంత్రానికి సంతలో ఒక్క ఉలవ గింజ లేదు. ధర పెరిగేదాకా ఆగుదామని షావుకార్లు బస్తాలు దాచేశారు.

రాజు చిట్టెన్న మీద విరుచుకుపడ్డాడు. "ఎల్లుండిలోగా ఉలవలు రాకపోతే పెళ్లాం బిడ్డలతో సహా రాజ్యం దాటిపో!"

 చిట్టెన్న అన్నాడు, "అలాగే ప్రభూ. అందాకా గుర్రాల్ని నాకు వదిలేయండి. తమరు మాత్రం ఒక్క మాటా మాట్లాడకండి."

"రాజునే నోరు మూసుకోమంటావా?"

"ఉలవలు కావాలంటే తప్పదు ప్రభూ."

మర్నాడు పొద్దున్నే గుర్రాలన్నిటినీ సంతవీధిలోంచే ఏటిగట్టు పచ్చికకు తోలించాడు. తనూ అక్కడే తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. ఉలవలు దాచిన షావుకార్లలో ఒకడు, నారపశెట్టి, ఆగలేక వచ్చాడు.

"ఏం చిట్టెన్నా, ఉలవలు కొనవా?"

"చూస్తున్నారుగా శెట్టిగారూ, గడ్డి బాగానే తింటున్నాయి."

శెట్టి ఆ కబురు పట్టుకుని సంతకు పరిగెత్తాడు. వానలొస్తున్నాయి, దాచిన ఉలవలకు పురుగు పడితే? మధ్యాహ్నానికల్లా కోట ముందు బళ్లు బారులు తీరాయి. "పాత ధరకే తీసుకో నాయనా!" అని ఒకటే గోల.

మేడమీంచి చూసిన రాజు, "తొందరగా దింపించండి!" అని అరవబోయాడు. కింద బళ్ల దగ్గరున్న చిట్టెన్న పెదాల మీద వేలు పెట్టాడు. రాజు టక్కున నోరు మూశాడు. శెట్టి ధర ఇంకాస్త తగ్గించాడు.

బళ్లన్నీ ఖాళీ అయ్యాక రాజు అడిగాడు, "ఈ కిటుకు ముందే చెప్పొచ్చుగా?"

"దండోరా అయ్యాక కదా నన్ను పిలిచింది ప్రభూ!"

రాజు కాసేపు మీసం సంగతే మర్చిపోయాడు. తర్వాత సభలో సేనాపతి పక్కనే చిట్టెన్నకు పీట వేయించాడు.

చిట్టెన్న కూర్చుంటూనే అడిగాడు, "పొరుగురాజు తన గుర్రాలకు ఉలవలు ఎక్కడ కొంటాడో కనుక్కున్నారా?"

సేనాపతి తల అడ్డంగా ఊపాడు.

"మన సంతలోనే. ఇప్పుడవన్నీ మన కొట్లో ఉన్నాయి. రాజీకి ఆయనే మనిషిని పంపుతాడు, చూస్తూ ఉండండి."

రాజు పగలబడి నవ్వాడు. మెడలో హారం తీసి చిట్టెన్న మెడలో వేశాడు.

"మరి యుద్ధం ఎప్పుడు ప్రభూ?" అన్నాడు సేనాపతి.

"నన్నడుగుతావేంటయ్యా? చిట్టెన్ననడుగు!"