పనస జిగురు పట్టిన కత్తి

తూర్పు కొండల నడుమ నేరేడుమెట్ట అనే అడవి ఉండేది. అందులో కుందేళ్లు, నెమళ్లు, ముళ్లపందులు, కోతులు ఎవరి పని వారు చేసుకుంటూ బతికేవి. వాగు ఒడ్డున పోలమ్మ అనే ఎలుగుబంటికి చిన్న గుడిసె, దాని పక్కన చిలగడదుంపల మడి ఉన్నాయి. పోలమ్మకు ఇద్దరు పిల్లలు, సోములు, అప్పి.

పోయిన వానాకాలం గుడిసె కప్పు కారింది. అప్పి తడిసి పది రోజులు జ్వరంతో పడుకుంది. ఆ పది రోజులూ పోలమ్మకు కంటి మీద కునుకు లేదు. ఈసారి మొదటి వాన పడేలోగా కొత్త కప్పు వేసి తీరాలనుకుంది.

తేనె కోసం వచ్చిన మనుషులు వదిలేసిన చిన్న కత్తి ఒకటి పోలమ్మ దగ్గర ఉంది. జానెడు కూడా లేదు. దానికి వెదురు పిడి బిగించుకుంది. రోజూ పొద్దున్నే వాగు రాయి మీద నూరి, గడ్డి కోసేది, తీగలు కోసేది. నడుం నొప్పెట్టేది. అయినా పచ్చి గడ్డి వాసన, చెమట పట్టిన ఒంటికి తగిలే వాగు గాలి ఎంతో హాయిగా ఉండేవి.

"కోసేటప్పుడు కత్తి మన వైపు రాకూడదు, బయటికే పోవాలి" అని పిల్లలకు రోజుకు పదిసార్లు చెప్పేది. పదకొండోసారి సోములే ముందుగా చెప్పేసేవాడు.

పక్క చెట్టు మీద గవరయ్య అనే కోతి ఉండేవాడు. అడవిలో గుడారం వేసుకున్న మనుషులు మరిచిపోయిన మడత కత్తి అతనికి దొరికింది. మడత విప్పితే తళతళలాడే ఐదు పదునైన అలుగులు బయటికొచ్చేవి. దాంతో తానూ వానకు తడవని గూడు కట్టుకుంటానని గవరయ్య అడవంతా చాటాడు.

"పోలమ్మక్కా! దుంపలు కోసుకునే ఆ కత్తితో కప్పు వేసేసరికి నీ పిల్లలకు పెళ్లిళ్లయిపోతాయి" అన్నాడు కొమ్మ మీద ఊగుతూ.

"పోనీలే గవరయ్యా, అల్లుడొచ్చేసరికి కప్పయినా ఉంటుంది" అంది పోలమ్మ. "మరి నీ గూడెప్పుడు?"

"నా కత్తికి అది ఒక్క పూట పని!"

ఒకరోజు గవరయ్య పనసపండు దింపుకొచ్చి కోయబోయాడు.

"ఆగాగు! ముందు అలుగుకు నూనె రాయి. పనస జిగురు ఎండిందంటే వదలదు" అంటూ పోలమ్మ ఇప్పనూనె దొప్ప అందించింది.

"నూనెలు నీ పాత కత్తికి రాసుకో అక్కా. ఇది మెరిసే కత్తి!"

పండు కోశాడు, తొనలన్నీ తిన్నాడు, జిగురు అంటిన అలుగును అలాగే టక్కున మడిచేశాడు. పోలమ్మ మాత్రం తన కత్తి తుడుచుకుని కప్పుకు చివరి మోపు కట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం మబ్బులు కమ్ముకున్నాయి. గవరయ్య గబగబా తీగల కోసం దిగాడు. కత్తి తెరుచుకోలేదు. గోళ్లతో లాగితే గోరు విరిగింది. పళ్లతో లాగితే పన్ను కదిలింది. కోపం పట్టలేక రాతి మీద పెట్టి ఇంకో రాయితో బాదాడు. కీలు విరిగి అలుగులు చెల్లాచెదురయ్యాయి. ఆ వెంటనే వాన దిగింది.

గుడిసెలో పోలమ్మ ఒక్కో వాసం కింద అరచెయ్యి పెట్టి చూసింది. ఒక్క చుక్కా పడలేదు. మళ్లీ మొదటి వాసం నుంచి చూసింది.

"అమ్మా, కారట్లేదే! కూర్చో" అంది అప్పి.

గుమ్మం ముందు గవరయ్య ముద్దగా తడిసి నిలబడ్డాడు. "అక్కా, నీ కత్తి ఒక్కసారి ఇస్తావా?"

"వాన వెలిశాక ఇస్తాను. ముందు లోపలికి రా. ఒళ్లు తుడుచుకుని ఆ మూల కూర్చో, పిల్లలకు తడి తగలకుండా."

గవరయ్య తల దించుకుని మూలకు వెళ్లాడు. వాన చప్పుడు వింటూ అప్పి పొడి గడ్డి మీద నిద్రపోయింది. పోలమ్మ దాని నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది. అప్పుడు తానూ పక్కనే ఒరిగింది.

నీతి: పనిముట్టు చిన్నదైనా శ్రద్ధగా చూసుకుని, పని వేళకు ముగించినవారే నిశ్చింతగా ఉంటారు.