పేరు లేని శాస్త్రం

ఆకాశం చదివినాయనకు ఖగోళజ్ఞుడని, చెట్లు చదివినాయనకు వృక్షశాస్త్రజ్ఞుడని రాజు బిరుదులిచ్చాడు. ఇక చరిత్రకారుడి వంతు. గతమంతా తనకే తెలుసనే మాధవభట్టు గ్రంథం విప్పి, "ప్రభువుల నుదుటి గీత పుట్టుకతో వచ్చిన దైవచిహ్నం" అని చదివాడు.

పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్న రాజును పెంచిన ముసలి దాది సింగమ్మకు నవ్వాగలేదు.

"నీది ఏ శాస్త్రమమ్మా?" అన్నాడు భట్టు వెటకారంగా.

"దానికి పేరు లేదయ్యా" అంటూ ఆమె రొంటిన దోపుకున్న పాత కాలి కడియం తీసి రాజు నుదుటికి ఆనించింది. దాని అంచు గీతలో అచ్చంగా అమరింది.

"ఎవరిదిది?" అన్నాడు రాజు.

"మీ అమ్మది నాయనా. తొలి అడుగులేస్తూ వెళ్లి ఆమె కాళ్లమీద పడ్డావు. నీకంటే ఎక్కువ ఏడ్చింది. మళ్లీ కడియం తొడుక్కోనే లేదు."

రాజు గీతను తడుముకున్నాడు.

"భట్టుగారూ, పుట్టుకతో అన్న మాట కొట్టేయండి. దైవచిహ్నం అన్నది ఉండనీయండి."