పప్పు గిన్నెలో బల్లి

అనగనగా, మరీ పాతకాలం కాదులే తల్లీ, ఒక ఊళ్ళో ఒక బడి. అందులో ఎనిమిదో తరగతి చదివే పిల్ల హైమ. పద్యాలు అప్పజెప్పడంలో హైమ తర్వాతే ఎవరైనా.

ఒకరోజు తెలుగు టీచరు విశాలాక్షిగారు ఒక పాత పద్యకథ చెప్పారు. రాణిగారి చిలకను యువరాజు రాయిపెట్టి కొట్టి చంపాడట. నేరమేమో తోటపని చేసే ఆవిడ మీద పడిందట. సభలో అందరికీ నిజం తెలుసట. ఒక్కరూ నోరు విప్పలేదట.

"ఛీ, పిరికివాళ్ళు!" అన్నారు పిల్లలు. హైమ లేచి, "అది రాజుల కాలం టీచర్. ఇప్పుడైతే ఎవరో ఒకరు చెప్పేస్తారు" అంది.

ఆ తర్వాత వారం తిరక్కుండానే ఇది జరిగింది. బడిలో మధ్యాహ్నం భోజనం వండేది పైడమ్మ. హైమకి పప్పంటే ఇష్టమని ఒక గరిటె ఎక్కువే వేసేది. ఆరోజు పైడమ్మ నీళ్ళకి వెళ్ళింది. అప్పుడు సర్పంచిగారి అబ్బాయి తేజ మూత తీసి, చచ్చిన బల్లిని పప్పులో పడేశాడు. తమాషాకి! వరుసలో కూర్చున్న పిల్లలంతా చూశారు. కొందరు నవ్వారు కూడా.

పైడమ్మ వచ్చి గరిటె తిప్పింది. బల్లి పైకి తేలింది. బడంతా గోల. మూత పెట్టకుండా వెళ్ళిందని అందరూ పైడమ్మనే అన్నారు.

మొదట హెడ్మాస్టరుగారు అడిగారు, ఎవరైనా చూశారా అని. ఎవరూ పలకలేదు. మర్నాడు మండలం నుంచి ఆఫీసరుగారొచ్చి అడిగారు. ముందు బెంచీలోనే తేజ కూర్చున్నాడు. ఎవరూ పలకలేదు. మూడోసారి పైడమ్మే అడిగింది. తిన్నగా హైమ దగ్గరికొచ్చి, "గిన్నె పక్కనే ఉన్నావు కదమ్మా. నేను మూత పెట్టి వెళ్ళానా, లేదా?" అంది.

హైమ వాళ్ళ నాన్న సర్పంచిగారి ట్రాక్టరు నడుపుతాడు.

"నేను చూడలేదు" అంది హైమ.

పైడమ్మని పనిలోంచి తీసేశారు.

ఆ తర్వాత విశాలాక్షిగారు ఆ పద్యాలే అప్పజెప్పమన్నారు. హైమ లేచి నిలబడింది. మొదటి పాదమైనా నోటికి రాలేదు. "టీచర్, ఆ సభలో వాళ్ళం మేమే" అని వెక్కివెక్కి ఏడ్చింది. తరగతిలో ఒక్కరూ తలెత్తలేదు. టీచరుగారు పుస్తకం మూసి, "నేనూ ఉన్నానమ్మా అందులో. ఎవరి పనో నాకు అప్పుడే తెలుసు" అన్నారు.

అప్పుడు హైమ హెడ్మాస్టరుగారి దగ్గరికి పరుగెత్తి అంతా చెప్పేసింది. "సంతకాలైపోయాయి. కొత్తావిడ కూడా చేరింది. పోయి చదువుకో" అన్నారాయన.

సాయంత్రం హైమ పైడమ్మ వాళ్ళ ఇంటికి వెళ్ళింది. పైడమ్మ ఇటుకల బట్టీలో పనికి వెళ్ళడానికి గిన్నెలు మూట కడుతోంది. హైమ జరిగిందంతా చెప్పింది. పైడమ్మ తిట్టలేదు. మంచినీళ్ళు ఇచ్చింది.

"మూత నేను పెట్టానని నాకు తెలుసు గదమ్మా" అంది. "నాకు తెలిసిందే నాకు చెప్పడానికి ఇంతదూరం వచ్చావా?"

హైమ గ్లాసు కింద పెట్టి వచ్చేసింది.

కథ వెళ్ళింది కంచికి,
కునుకొచ్చింది కంటికి,
మింగిన మాట అడ్డం గొంతుకి,
మనమేమో మన ఇంటికి.