కుంపిణీకి నోరు పండింది

ఉరుముకొండ ఏలే ఉద్దండరాజు తుమ్మితే పక్క రాజ్యంలోవాళ్ళు "చిరంజీవ" అనేవారు. అంత గొంతూ పెట్టి ఒకనాడు పొద్దున్నే కొలువులో హుకుం వేశాడు.

"సుఖనిద్రా కుంపిణీని పట్టుకొచ్చి నా ముందు నిలబెట్టండి."

సుఖనిద్రా కుంపిణీ అంటే పదిమంది సాహుకార్లు కలిసి పెట్టిన సత్రాల వ్యాపారం. రాజ్యంలో కాకి వాలడానికి చోటు లేకుండా సత్రాలే. దాని మీద ఫిర్యాదు తెచ్చింది నాంచారి అనే పూలమనిషి. గోడ దూకి వచ్చింది, మోచేతులు దోక్కుపోయి ఉన్నాయి.

"దండలు కట్టే పనుందని పిలిచారు దొరా. లోపలికెళ్ళాక బయట గడియ పెట్టేశారు. బాటసారుల గదుల్లోకి తోసేవారు. నేను తప్పించుకున్నాను. మిగతా ఆడవాళ్ళు ఇంకా లోపలే ఉన్నారు."

రాజుగారి పక్కన ఆకుమడుపులు చుట్టి అందించే పేరిందేవి చేతులు ఆ మాటకి ఆగాయి. భూమి కంపించినప్పుడు కూడా ఆగని చేతులవి.

ఉరుముకొండలో ఒక దిక్కుమాలిన చట్టం ఉండేది. పొద్దు వాలేలోగా ముద్దాయి వచ్చి నిలబడకపోతే ఫిర్యాదు చచ్చిపోయినట్టే. ఫిర్యాది వచ్చిన చోటికే పోవాలి. నాంచారి పోవలసింది ఆ గడియ వెనక్కే.

భటులు పరుగెత్తి ముందుగా సత్రం తలుపు ఊడబెరుక్కొచ్చారు.

"ఇది తలుపు ప్రభూ, కుంపిణీ కాదు," అన్నాడు కుంపిణీ పెద్ద పానకాలయ్య. ఆయన పొట్ట కొలువులోకి వచ్చిన అరగంటకి ఆయన వచ్చేవాడు.

మంచం తెచ్చారు. "ఇది మంచం." గంగాళం తెచ్చారు. "ఇందులో పప్పుచారు కాస్తారు." కాపలావాణ్ణి తెచ్చారు. "వీడు కూలివాడు. పొమ్మంటే పోతాడు."

"మరి కుంపిణీ ఎక్కడయ్యా?"

"ఎక్కడని చూపించను ప్రభూ? దానికి కాళ్ళు లేవు, చేతులు లేవు, నోరు లేదు. గాలి లాంటిది. గాలికి సంకెళ్ళు వేస్తారా? మేం గది అద్దెకిస్తాం, అంతే. లోపల ఏం జరుగుతుందో ఆ గోడలకే తెలియాలి."

"అయితే గోడని తీసుకురండి."

తెచ్చారు. ఊళ్ళో ఎద్దులన్నిటినీ కట్టి లాగించారు. మంత్రిగారు గోడ చేత ప్రమాణం చేయించబోయి, ప్రశ్న మీద ప్రశ్న వేసి, చివరికి గొంతారిపోయి ముంత మజ్జిగ తాగాడు.

"గోడకి చెవులుంటాయి గాని నోరుండదు ప్రభూ," అని నివేదించాడు.

ఎండ అప్పటికే మెట్లు దిగుతోంది. నాంచారి ఎవరి వంకా చూడటం లేదు, ఆ ఎండ వంకే చూస్తోంది.

"పొద్దు వాలేలోగా కుంపిణీని చూపించినవాళ్ళకి నా చేతి కంకణం," అన్నాడు రాజు.

పేరిందేవి వంగి రాజుగారి చెవిలో ఏదో ఊదింది. రాజు మీసం ఒకసారి పైకి లేచింది. ఆమె లేత తమలపాకులు ఏరి, సున్నం రాసి, మామూలుకి నాలుగింతలు కాచు దట్టించి, ఏనుగు దవడకి సరిపడే మడుపు ఒకటి చుట్టింది.

"ఏలినవారి సెలవు," అంది గట్టిగా. "ఈ ఏటి తొలి తాంబూలం సుఖనిద్రా కుంపిణీకి."

కొలువులో కలకలం రేగింది. తొలి తాంబూలం కోసం ఆ ఊళ్ళో అన్నదమ్ములు విడిపోయారు, వియ్యంకులు కొట్టుకున్నారు. పానకాలయ్య ఇరవై ఏళ్ళుగా దాన్ని కలవరిస్తున్నాడు. గబగబా చెయ్యి చాచాడు.

"తమరికి కాదు సాహుకారు గారూ, కుంపిణీకి," అంది పేరిందేవి. "పాపం, దానికి చేతులు లేవు, నోరు లేదు. ఈ గోడేమో దాని సొత్తే కదా. పగుల్లో కూరుతాను."

ఆమె గోడ దాకా వెళ్ళింది. పగులు వెతికింది. పానకాలయ్యకి చెమటలు పట్టాయి.

"ఆగవే అమ్మీ. రాజుగారి తాంబూలం గోడకి పెడతావా? నేనే కుంపిణీని."

"తమరొక్కరేనా? తక్కిన తొమ్మిదిమంది ఏమంటారో?"

"వాళ్ళు లాభానికి వస్తారు, తల ఊపి పోతారు. కుంపిణీ చెయ్యి ఇదీ, నోరు ఇదీ. ఇటు తే."

మడుపు మొత్తం బుగ్గలోకి పోయింది. బుగ్గ గుమ్మడికాయ అయింది.

"అన్ని సత్రాలు ఒక్క నోటితో ఎలా నడుపుతున్నారో!" అంది పేరిందేవి ముచ్చటగా.

"నాకు తెలీకుండా మా సత్రాల్లో చీమ కూడా గది మారదు," అన్నాడు పానకాలయ్య, నమిలి నమిలి.

"నోరేదీ, ఒకసారి తెరవండి. పండిందో లేదో చూస్తాను."

తెరిచాడు. గుడి గడప మీద కుంకుమైనా అంత ఎర్రగా ఉండదు. పేరిందేవి రాజు వైపు తిరిగింది.

"ప్రభూ, నోరు లేదన్న కుంపిణీకి నోరు పండింది. ఇక జవాబు చెప్పించండి."

మింగబోతే పానకాలయ్యకి పొలమారింది. "అది... నేను వేరు, కుంపిణీ వేరు ప్రభూ."

"అలాగే కానివ్వండి," అంది పేరిందేవి.

"ఎరుపు కుంపిణీది, నోరు తమరిది. ఎరుపు దానికిచ్చేసి, నోరు తమరు తీసుకోండి," అని ముగించింది.

ఆయన ఉత్తరీయంతో తుడిచాడు. ఉత్తరీయం ఎర్రబడింది. చేత్తో తుడిచాడు. చెయ్యి ఎర్రబడింది. నోరు మాత్రం ఇంకా పండింది.

పొద్దు ఇంకా మెట్టు మీదే ఉంది. రాజు లేచాడు. "ముద్దాయి నిలబడ్డాడు. సత్రాలన్నిటి గడియలూ ఈ చేత్తోనే తీయించండి. ఆఖరి మనిషి బయటికొచ్చేదాకా ఇతను వాకిట్లోనే నిలబడాలి. తరవాత విచారణ. ఆ తల ఊపినవాళ్ళనీ తీసుకురండి, తలలతో సహా."

"నన్ను ముందు నడవనివ్వండి దొరా," అంది నాంచారి. "లోపలివాళ్ళు ఎవరు పిలిచినా తలుపు దగ్గరికి రారు. నా గొంతయితే గుర్తుపడతారు."

రాజు కంకణం తీసి పేరిందేవి చేతికి తొడిగాడు. అది ఆమె మోచెయ్యి దాటి భుజానికెక్కి కూర్చుంది. కొలువు నవ్విన నవ్వుకి కప్పు మీది పావురాలు పక్క రాజ్యానికి వలసపోయాయి. గోడ కూడా నవ్వింది. కావాలంటే వెళ్ళి చూడండి, ఊడిన పెచ్చు ఇంకా అక్కడే పడుంది.