కోటమ్మవ్వ చేతి మంత్రం

ఇప్పుడు పేరు కూడా మిగలని ఒకానొక రాజ్యంలో భూరిసేనుడనే రాజు ఉండేవాడు. తన దగ్గర ఉన్నవన్నీ గొప్పవేనని ఆయన నమ్మకం. అందులో ఆస్థాన వైద్యుడు విరూపాచార్యులు మరీ గొప్ప. ఒకనాడు సభలో ఆ ఆచార్యులే మొరపెట్టుకున్నాడు.

"ప్రభూ, వైద్యశాల సగం ఖాళీ! జనమంతా కోటమ్మవ్వ గుడిసె ముందు బారులు తీరుతున్నారు. ఉప్పు కాపడం, చిటికెడు విభూతి, ఏదో మంత్రం. అదీ ఆవిడ వైద్యం!"

రాజుకు రోషం పొడుచుకొచ్చింది. "రేపు పొద్దెక్కేలోగా ఆ ముసలిదాన్ని పొలిమేర దాటించండి!"

సభలో చతురోక్తులు చెప్పే తిప్పన్న లేచి నిలబడ్డాడు. బిడ్డ పోయి అతని భార్య అన్నం మానేసినప్పుడు, నలభై రోజులు పక్కన కూర్చుని ముద్ద తినిపించింది ఆ అవ్వే.

"ప్రభూ, తమరి మెడనొప్పి ఇంకా తగ్గలేదు కదా," అన్నాడు తిప్పన్న. "మామూలు బట్టలు కట్టుకుని ఈ పూటే ఆచార్యులవారికి చూపించుకోండి. ఆయన తమరిని గుర్తుపడితే అవ్వతోపాటు నేనూ పొలిమేర దాటుతాను."

"పన్నెండేళ్ళుగా నా నాడి పట్టినవాడు నన్ను గుర్తుపట్టడా? మూట సర్దుకో!" అని రాజు తలపాగా చుట్టుకుని బయల్దేరాడు. తిప్పన్న వెంట నడిచాడు.

ఆచార్యులు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని నాడి పట్టాడు. "బస్తాలు మోసేవాడి నాడి. మోటు వాతం. కషాయం తాగు. తరవాత ఎవరు?"

"అయ్యా, నా మెడ..."

"నాడి చెప్పాక నువ్వు చెప్పేదేముంది? లే!"

రాజు మొహం కందగడ్డయింది. తిప్పన్న ఆయన్ని అవ్వ గుడిసెకు తీసుకెళ్ళాడు.

అవ్వ రాజు మొహంలోకి చూసింది. "కూర్చో నాయనా. ఎన్నాళ్ళుగా బాధ? రాత్రి నిద్ర పడుతోందా? నెత్తిన బరువు మోస్తావా?"

తినేటప్పుడు కూడా కిరీటం తియ్యని రాజు తలూపాడు. అవ్వ వేడి ఉప్పుమూట మెడకు అద్దుతూ మంత్రం గొణిగింది.

"మంత్రంతో తగ్గుతుందా అవ్వా?"

"ఏమో నాయనా. అది చదివేంతసేపూ నా చెయ్యి నీ మెడ మీదే ఉంటుంది కదా! ఆ బరువు కాస్త దించుకుంటూ ఉండు. నీ చెయ్యి తిమ్మిరెక్కితే మాత్రం ఆచార్యులవారి దగ్గరికి పో. అది నా వల్ల కాదు."

రాజు కళ్ళు చెమర్చాయి. అవ్వను పొలిమేర దాటించే ఆజ్ఞను ఆ రాత్రే రద్దు చేయించాడు.

మర్నాడు సభలో అడిగాడు: "ఆచార్యా, నిన్న మెడనొప్పితో వచ్చిన బస్తాలవాడు ఎలా ఉన్నాడు?"

"ఆ మోటువాడి సంగతి తమరిదాకా వచ్చిందా ప్రభూ?"

రాజు పగలబడి నవ్వాడు. ఆ బస్తాలవాడు రాజేనని తెలిసి ఆచార్యులు తల దించుకున్నాడు. ఇకమీదట కళ్ళు తెరిచి, రోగి మాట పూర్తిగా విన్నాకే మందివ్వాలని రాజు ఆజ్ఞ వేశాడు. తిప్పన్నకు చేతి కడియం తీసి ఇచ్చాడు.

"అవ్వకు మాత్రం నేనే వెళ్ళి క్షమాపణ చెప్పుకోవాలి," అన్నాడు.

ఆ పూట రాజు గుడిసె ముందు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక అవ్వ కాళ్ళకు దండం పెట్టాడు.