సలహాల పెట్టె బరువు

చెరకు తోటల మధ్య ఎలుగుబంటి అప్పలకొండకి ఒక బెల్లం గానుగ ఉండేది. దాన్ని తిప్పేవాడు గౌరన్న అనే ముసలి ఎద్దు. నలభై చుట్లు తిరిగితే కింద గుంటలో కుండ రసంతో నిండేది. ఈ ఏడు అరవై తిరిగినా నిండటం లేదు. కుండ అడుగున చిల్లు పడిందని గౌరన్నకి మొదటిరోజే తెలుసు. అడిగేవాడే లేడు.

బెల్లం తగ్గేసరికి అప్పలకొండ కంగారుపడి, పని బాగుచేయమని నక్క నరసింగుని పెట్టుకున్నాడు. నరసింగు వస్తూనే గానుగ పక్కన తాళం వేసిన పెట్టె పెట్టించాడు.

"రోజుకో సలహా చీటీ పడాలి. పెట్టె బరువెక్కితే పని మెరుగైనట్టే!"

గౌరన్నకి ప్రాణం లేచొచ్చింది. గట్టు మీది చెట్టున ఉండే, చదువొచ్చిన చిలకమ్మ చేత రాయించి రోజూ చీటీ వేశాడు.

నెల తిరిగింది. అప్పలకొండ పెట్టె ఎత్తి చూసి, "అబ్బో, బాగానే ఉందే! మరి బెల్లమేదిరా?" అన్నాడు.

"లోపం ఎద్దులో ఉందయ్యగారూ," అన్నాడు నరసింగు. "కాళ్లు మొద్దుబారాయి. రేపట్నించి గుర్రాన్ని కడదాం."

గౌరన్న గానుగ వంక చూశాడు. పదిహేనేళ్లుగా తిరుగుతున్న చోటు మరి.

"ఎల్లిపోతాను బాబూ. ఒక్క చీటీ చదివించండి, సాలు."

"తాళంచెవి ఎక్కడో పడిపోయిందయ్యగారూ," నరసింగు నసిగాడు. "అయినా చదవడమెందుకు? బరువు చూశారుగా!"

అప్పలకొండ ఒక్క దెబ్బతో మూత ఊడగొట్టాడు. చిలకమ్మ చదివింది: "కుండకి చిల్లుంది." రెండోదీ అదే. ముప్పయ్యోదీ అదే.

"ఏటి గౌరన్నా, ముప్పైసార్లు ఒకటే సలహానా?"

"సిల్లు కూడా ఒకటే కదా బాబూ. ఎవులూ పూడ్చలేదు."

అప్పలకొండ వంగి గుంటలో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా తియ్యటి బురద, దాని నిండా చీమలు. పాపం, సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"తప్పు నాది గౌరన్నా. ఒక్కరోజైనా వచ్చి నిన్ను అడగలేదు."

నరసింగు మెల్లగా జారుకోబోయాడు.

"ఎక్కడికి? కొత్త కుండ వచ్చేదాకా ఆ గుంటలో కూర్చుని చిల్లుకి వేలు అడ్డం పెట్టు!"

చీమలకి ఆ పూట పండగే. మర్నాటి నుంచి అప్పలకొండ రోజూ పొద్దున్నే గానుగ దగ్గరికొచ్చి, "ఇవాళేటి గౌరన్నా?" అని అడిగేవాడు. గౌరన్న చెప్పింది ఆ పూటే బాగుచేసేవాడు.

నీతి: సలహా పెట్టెలో పడితే పని మెరుగవదు, పెద్దాయన చెవిన పడి చెయ్యి కదిలితేనే మెరుగవుతుంది.